జెండార్మ్ తుపాకీ ధర

లుహోవ్, 9 ఫిబ్రవరి 1998

పోల్దాకి,

మీ అన్నయ్యని పూడ్చిన రోజున స్మశానం గేటు దగ్గర నిలబడి, "ఏదైనా పని పడితే రాయి వదినా" అన్నావు. మూడు నెలలు దాటింది. ఇప్పుడు పని పడింది, రాస్తున్నాను.

ఆయన తుపాకులు అమ్మేయాలి. మొత్తం ఎనిమిది. బ్ర్నోలో చేసిన 1924 నమూనా రైఫిళ్ళు మూడు, ఆస్ట్రియావాళ్ళ మాన్‌లిహర్లు రెండు, రష్యా మోసిన్లు రెండు, ఇక ఆయన ప్రాణం పెట్టుకున్న ఆ పొట్టి తుపాకీ, అదే, జెండార్మ్ పోలీసులు భుజాన వేసుకుని ఊళ్ళు తిరిగేవాళ్ళే, ఆ కార్బైన్. లైసెన్సు నా పేరన కూడా ఉంది కాబట్టి పోలీసులతో పేచీ లేదు. నాచేత ఆయన పరీక్ష రాయించినప్పుడు నువ్వు నవ్వావు. ఇప్పుడు అదే పనికొచ్చింది.

ఎందుకు అమ్ముతున్నానంటావేమో. జూలై వరదకి కూలిన పక్క గోడ ఇంకా లేవలేదు. మునిసిపాలిటీ వాళ్ళు ఇచ్చిన రేకు గదిలో ఉంటున్నాను. చలికి అందులో దుప్పటి కూడా బిగుసుకుపోతోంది. మేస్త్రీ పావ్లిక్ ఏప్రిల్లో మొదలుపెడతానన్నాడు, ఇటుకల డబ్బు ముందు ఇమ్మన్నాడు.

నలభై ఏళ్ళు తుపాకులు బాగుచేసినవాడివి. ఇప్పుడు వేలంపాటల వాళ్ళు కూడా నీ సంతకం చూసి ధర ఖాయం చేస్తారట. ఇంట్లో నువ్వుండగా బయటివాణ్ణి ఎందుకు అడగాలి? ఏది ఎంతకి పోతుందో రాయి.

ద్రహోమీరా

---

బ్ర్నో, 15 ఫిబ్రవరి 1998

వదినకి,

ఉత్తరం చూసి సంతోషించాను. రాయవేమో అనుకున్నాను.

ధర కూర్చున్నచోటి నుంచి చెప్పేది కాదు. కొన్ని సంగతులు నువ్వు చూసి రాయాలి. మొదటిది, అంకెలు. గొట్టం మొదట్లో ఇనుము మీద ఒక అంకె ఉంటుంది. వెనక లాగి తోసే బోల్టు మీద ఒకటి ఉంటుంది. రెండూ ఒకటే అయితే ఆ తుపాకీ పుట్టినప్పటి నుంచీ ఒకే కుటుంబం అన్నమాట. వేరైతే ఎక్కడో సైనిక గిడ్డంగిలో విప్పి, చేతికందినవి కలిపేసినట్టు. ధర సగానికి, ఒక్కోసారి మూడో వంతుకి పడిపోతుంది. రెండోది, సైన్యం కొట్టిన సింహం ముద్ర. అరిగిందా, ఎవరైనా అరగదీశారా? మూడోది, చెక్క. పాత నూనె రంగులో ఉండాలి, కొత్త వార్నిషు మెరుపు ఉండకూడదు. నాలుగోది, గొట్టం లోపల కిటికీ వైపు పెట్టి చూడు. గీతలు మెలితిరిగి కనిపిస్తే మంచిది. బొగ్గు గనిలా కనిపిస్తే అదే రాయి.

ముఖ్యంగా ఒక మాట. తుప్పు ఉంటే నూనె గుడ్డతో తుడువు, అంతే. ఇనుప బ్రష్ ముట్టుకోకు. గరుకు కాగితం ముట్టుకోకు. పాత తుపాకీని తళతళలాడించే మనిషిని చూస్తే కొనేవాడు గుమ్మంలోంచే వెనక్కి తిరుగుతాడు.

వరదలో ఏవి తడిశాయో రాయి. అన్నీ పైకి చేర్చాడని విన్నాను.

నీ మరిది
లియోపోల్డ్

---

లుహోవ్, 1 మార్చి 1998

పోల్దా,

నీ ఉత్తరం నాలుగు రోజులు ముందు రావాల్సింది. రెండింటిని గిన్నెలు తోమినట్టు తోమేశాను. ఒక ఇరవై నాలుగు నమూనా, ఒక మాన్‌లిహర్. పక్కింటి యార్మిలా చూసి, "అబ్బ, కొత్తవాటిలా ఉన్నాయే!" అంది. ఆ మాట విని పొంగిపోయాను కూడా. తిట్టదలుచుకుంటే నెమ్మదిగా తిట్టు.

అన్నీ పైకి చేర్చలేదు. ఐదింటినే అటక మీదికి మోశారు. నా బట్టలు, పెళ్ళి ఫొటోలు, బంగాళదుంపల బస్తా కింద ఉండగా ముందు తుపాకులు. ఆరోదాని కోసం మళ్ళీ దిగుతుంటే నీళ్ళు నడుం దాకా వచ్చాయి. చొక్కా పట్టుకుని నేనే వెనక్కి లాగాను. "కార్బైన్ ఉండిపోయింది ద్రహుష్కా, కార్బైన్!" అని అరిచారు. "నేను కూడా ఉండిపోతాను, అప్పుడు దాన్ని పెళ్ళి చేసుకో" అన్నాను. మిగతా మూడూ ఉన్న బీరువా మూడు రోజులు బురదలో ఉంది.

తర్వాత ఆ తడి గదిలోనే, గోడలు కారుతుండగా, ముక్కాలి పీట వేసుకుని ఆ కార్బైన్ ముందు కూర్చున్నారు. సెప్టెంబరంతా అదే పని. మిగతా రెండింటినీ పట్టించుకోలేదు. దగ్గు మొదలైంది, "బయటికి రా" అంటే "ఇంకొక్క ముక్క" అనేవారు. అక్టోబరులో మంచం పట్టారు. మిగతాది నీకు తెలుసు.

అంకెలన్నీ వేరే కాగితం మీద రాసి పెట్టాను. ఏడింటిలో ఐదింటికి సరిపోయాయి. కార్బైన్ సంగతి మాత్రం నాకు అర్థం కాలేదు. దాని బోల్టు సొరుగులో నూనె గుడ్డలో చుట్టి విడిగా ఉంది. ఆయనే శుభ్రం చేసి పెట్టి ఉంటారు. గొట్టం మీద 4471. బోల్టు మీద కూడా 4471 ఉంది, కానీ వెలుతురులో వాలుగా పట్టుకుంటే ఆ అంకె కింద ఇంకో అంకె నీడలా కనిపిస్తోంది. తుప్పు తిన్నచోట గీతలు తేలాయి. 2, తర్వాత సున్నా, చివర 6 లాగా ఉంది. పలక మీద రాసి తుడిచి మళ్ళీ రాస్తే కనిపిస్తుందే, అలా. అలాంటివి ఉంటాయా?

ద్రహోమీరా

---

బ్ర్నో, 12 మార్చి 1998

వదినకి,

తోమినవాటి గురించి ఏమీ అనను. రెండింటికీ కలిపి ఐదు వేలు పోయింది, అంతే. యార్మిలాని తుపాకుల దగ్గరికి రానివ్వకు.

మిగతావాటి ధరలు: అటక మీద ఉన్న ఇరవై నాలుగు నమూనాలు ఒకటి ఏడు వేల కొరూనాలు, ఒకటి ఆరున్నర. తోమినది మూడున్నర. మంచి మాన్‌లిహర్ ఐదు, తోమినది రెండున్నర. మోసిన్లు రెండూ కలిపి ఎనిమిది. ఇవి గట్టి ధరలు. ఎవరైనా బేరమాడితే "లియోపోల్డ్ ఒదెహ్నల్ కట్టాడు" అని చెప్పు.

కార్బైన్ సంగతి. వరద నీళ్ళలో మూడు రోజులు నానిన ఇనుము చిత్రంగా తినేస్తుంది. దాని మీద లేని గీతలు కూడా కనిపిస్తాయి. పట్టించుకోవద్దు. ఎవరికీ చూపించవద్దు, అనవసరంగా అనుమానపడతారు. దానికి బజారు ధర ఇరవై ఎనిమిది వేలు. అది నేనే తీసుకుంటాను. అన్నయ్య గుర్తుగా నా దగ్గర ఉంటుంది. డబ్బు ఈ నెలాఖరుకి పంపిస్తాను. ఎవరినీ వెతుక్కోవద్దు.

ఒంట్లో ఎలా ఉంది? ఆ రేకు గదిలో పొయ్యి సరిగా మండుతోందా?

లియోపోల్డ్

---

లుహోవ్, 22 మార్చి 1998

పోల్దా,

పొయ్యి మండుతోంది.

నువ్వు కార్బైన్ కొనవద్దు. నీ పింఛను ఎంతో నాకు తెలుసు. ఇరవై ఎనిమిది వేలు అప్పు చేసి వదినకి దానం చేసి, దానికి గుర్తు అని పేరు పెడతావు. నాకు అక్కర్లేదు. పైగా కొనేవాడు దొరికాడు.

లిప్నిక్‌లో మాంసం కొట్టు తోమాన్ తెలుసుగా. జెండార్మ్ సామాన్లంటే పడి చస్తాడు. వాళ్ళ తాత ఆ ఉద్యోగమే చేశాడట. టోపీలు, ఈలలు, సంకెళ్ళు, ఒక లాంతరు కూడా ఉందిట, కార్బైన్ ఒక్కటే లేదు. మొన్న గురువారం చంకలో కాగితం చుట్టిన రక్తం సాసేజీలు పెట్టుకుని వచ్చాడు.

"ఏమమ్మా, ఆయన పోయాక దాన్ని దుడ్డుకర్రగా వాడుతున్నావా ఏంటి?" అన్నాడు.

"నీలాంటివాళ్ళు వస్తే వాడదామనే ఉంచా," అన్నాను.

కూర్చున్నాడు, కార్బైన్ ఒళ్ళో పెట్టుకున్నాడు. అంత లావు మనిషి, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు పట్టుకున్నాడు. ధర అడిగాడు. ఇరవై ఎనిమిది అన్నాను.

"ఇరవై రెండు, రెండు నెలలు మాంసం ఉచితం."

"నేనొక్కదాన్ని. రెండు నెలల మాంసం తింటే నన్ను కూడా నువ్వే కొయ్యాలి."

"ఇరవై ఐదు."

"పోల్దా ఇరవై ఎనిమిది కట్టాడు."

ఆ మాటతో చేతులెత్తేశాడు. "అయితే ఇంక మాట్లాడేది లేదు. పోల్దా ఒదెహ్నల్ సంతకం ఉంటే నాకు కళ్ళజోడు కూడా అక్కర్లేదు. ఆ కాగితం తెప్పించు. నా పాత జావా మోటార్‌సైకిల్ అమ్మేస్తా," అన్నాడు. బోల్టు చూడనే లేదు. నువ్వు చెప్పినట్టు నేనూ చూపించలేదు. చూపించకపోయినందుకు మాత్రం అప్పటి నుంచీ మనసు బాగాలేదు.

అసలు ధర కట్టిన కాగితం, నీ సంతకంతో, పంపించు.

ద్రహోమీరా

---

బ్ర్నో, 28 మార్చి 1998

వదినా,

తోమాన్‌కి అమ్మవద్దు. మంచివాడే, నోరు మాత్రం ఊరంత. శరత్కాలంలో ఇక్కడ పెద్ద వేలం ఉంది, అప్పటిదాకా ఆగితే మంచిది. పావ్లిక్ మేస్త్రీకి నేను చెప్తాను, ఇటుకలకి పదివేలు సర్దుతాను.

నడుం నొప్పి మళ్ళీ వచ్చింది. ఎక్కువ రాయలేను.

లియోపోల్డ్

---

లుహోవ్, 3 ఏప్రిల్ 1998

లియోపోల్డ్ ఒదెహ్నల్ గారికి,

తోమాన్ గారు నిన్న ఐదు వేలు బయానా ఇచ్చి వెళ్ళారు. మోటార్‌సైకిల్‌కి బేరం కుదిరిందట. ఈస్టర్ లోపల మీ కాగితం కావాలన్నారు.

మీరు తెలివైనవారు, నేను రైల్వే సిగ్నల్ మనిషి భార్యని. అయినా లెక్క చెప్తాను, తప్పయితే దిద్దండి. మొదట మీరు ఆ గీతలు నీళ్ళ వల్ల వచ్చాయన్నారు. తర్వాత మీరే కొంటానన్నారు. తర్వాత అమ్మవద్దన్నారు. ఇప్పుడు నడుం నొప్పి అంటున్నారు. ఏడు తుపాకులకి ఒక్క ఉత్తరంలో ధర కట్టినవారు ఎనిమిదోదాని దగ్గర మూడు వారాలుగా నీళ్ళు నములుతున్నారు.

ఒకే ఒక్క ప్రశ్న. ఆ బోల్టు ఆ తుపాకీదేనా, కాదా?

ఇది అడగడానికి మా ఆయన లేరు. కాబట్టి నేనే అడుగుతున్నాను.

ద్రహోమీరా ఒదెహ్నలోవా

---

బ్ర్నో, 8 ఏప్రిల్ 1998

వదినా,

కాదు.

1992 మార్చిలో ఆ కార్బైన్ నా దుకాణానికి వచ్చింది. ఓ పొలంలో పాత కొట్టం కూలగొడితే గడ్డి కింద దొరికిందట. గొట్టం బాగుంది, చెక్క బాగుంది, బోల్టు లేదు. నా పెట్టెలో పాత ఇరవై నాలుగు నమూనా బోల్టులు ఉండేవి. వాటిలో ఒకటి తీశాను. దాని మీద 2086 ఉంది. దాని పిడి తిన్నగా ఉంటుంది, కార్బైన్‌కి వంగి ఉండాలి. కాల్చి వంచాను. అంకె అరగదీశాను. 4471 కొట్టాను.

ఎందుకంటే, వదినా, అది తమాషాకి మొదలైంది. అన్నయ్య గొప్ప నీకు తెలుసు. "ఎవడు కొట్టిన దొంగ అంకె అయినా నా బొటనవేలికి తెలిసిపోతుందిరా. నీ దుకాణంలో కళ్ళద్దాలు దండగ," అని పదిమందిలో అనేవాడు. ఒక్కసారి ఆ గొప్ప దించాలనుకున్నాను. అంతే, నిజంగా అంతే. ఆయన పుట్టినరోజుకి పట్టుకొచ్చాను. ఆ రోజు నువ్వు గసగసాల కొలాచె రొట్టెలు చేశావు.

బోల్టు బయటికి తీశాడు. బొటనవేలితో తడిమాడు. మళ్ళీ తడిమాడు. "పోల్దా, ఇది అసలుది" అన్నాడు. నేను నవ్వడానికి నోరు తెరిచాను. నవ్వి "ఎలా ఉంది నీ బొటనవేలు?" అనాలని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను. అప్పటికే లేచి వెళ్ళాడు. టీ డబ్బాలోంచి తొమ్మిది వేలు తెచ్చి నా జేబులో కుక్కాడు. "ఇంకెవరికైనా ఇస్తే రెండింతలు వచ్చేది, నాకు తెచ్చావురా తమ్ముడూ," అన్నాడు.

అక్కడ చెప్పి ఉంటే నవ్వుకునేవాళ్ళం. చెప్పలేదు. మర్నాడు చెబుదామనుకున్నాను. వారం పోయాక డబ్బు ఖర్చయింది. ఏడాది పోయాక అది అబద్ధం కాదు, అలవాటు అయిపోయింది. తర్వాత మీ ఇంటికి రావడమే తగ్గించాను. మీరు నాకు గర్వం వచ్చిందనుకున్నారు.

దీనితో పాటు కాగితం పెడుతున్నాను. తోమాన్‌కి ఇవ్వు. అందులో ఇలా ఉంది:

"జెండార్మ్ కార్బైన్, సంఖ్య 4471. గొట్టం, చెక్క అసలువి. బోల్టు వేరే రైఫిల్‌ది. దాని మీది అంకెని 1992లో నేనే అరగదీసి మార్చాను. నీళ్ళలో నాని ఇనుము గుంటలు పడింది. ధర ఏడు వేల కొరూనాలు. లియోపోల్డ్ ఒదెహ్నల్."

నీ మార్చి ఉత్తరంలో ఆ తడి గది గురించి చదివాక నాకు నిద్ర లేదు. ఆ ఉత్తరానికి నేను రాసిన జవాబు, నీళ్ళలో లేని గీతలు కనిపిస్తాయన్న జవాబు, నా జీవితంలో కార్బైన్ కన్నా నీచమైనది.

క్షమించమని అడగను. అడగాల్సిన అన్నయ్యనే అడగలేదు.

పోల్దా

---

లుహోవ్, 10 మే 1998

పోల్దా,

నెల రోజులు రాయలేదు. రాస్తే ఏం రాస్తానో అని భయపడి ఊరుకున్నాను.

ముందు తోమాన్ సంగతి. కాగితం చేతికిచ్చాను. కళ్ళజోడు అక్కర్లేదన్న మనిషి జేబులన్నీ వెతికి కళ్ళజోడు తీశాడు. చదివాడు. ముఖం అతని కొట్టులో వేలాడే కాలేయంలా అయింది.

"ఇదేంటమ్మా? అంటే నేను... మోటార్‌సైకిల్ పోయిందమ్మా! నిన్ననే తోలుకుపోయాడు వాడు!"

"నీ బయానా నీకిస్తున్నాను. చూసుకో, ఐదు వేలు."

"డబ్బు కాదమ్మా నా బాధ! మా ఇంట్లో గోడకి ఆరు వస్తువులున్నాయి, ఆరింటికీ పోల్దా సంతకమే. ఇప్పుడు వాటిని ఏ మొహంతో చూడాలి? మా ఆవిడ ముందే అంది, ఇనుప తుక్కు కొంటున్నావని!"

బల్ల మీద గుద్దాడు, నా టీ ఒలికింది. తలుపు దాకా వెళ్ళాడు, తిరిగి వచ్చి, తెచ్చిన సాసేజీల పొట్లం తీసుకున్నాడు. మళ్ళీ గుమ్మం దగ్గర ఆగి, ఏమనుకున్నాడో, ఆ పొట్లం కిటికీలో పెట్టి పోయాడు. వారంలో లిప్నిక్ అంతా తెలిసింది. ఈపాటికి నీ దాకా కూడా వచ్చే ఉంటుంది.

ఆ తొమ్మిది వేలు నేను కుట్టు మిషన్‌కి దాచుకున్న డబ్బు. నీకు తెలీదు. ఆ రోజు ఆయన టీ డబ్బా తీస్తుంటే వంటగదిలోంచి చూశాను. ఆయన ముఖం చూసి ఏమీ అనలేదు. పొరుగింటి మిషన్ మీద ఆరేళ్ళు కుట్టుకున్నాను. కాబట్టి నీ తమాషాకి నేను కూడా కట్టాను.

ఇప్పుడు నాది చెప్తాను. నీ ఉత్తరం చదివి నిన్ను నాలుగు రోజులు మనసారా తిట్టుకున్నాను. ఐదో రోజు తిట్టలేకపోయాను.

అక్టోబరు మొదట్లో, ఇంకా మాట స్పష్టంగా ఉన్నప్పుడు, ఆయన "పోల్దాకి ఫోన్ చెయ్యి. వాణ్ణి ఒక సంగతి అడగాలి" అన్నారు. ఫోన్ లైను తెగిపోయి ఉందన్నాను. మూడు రోజులు పోయాక మళ్ళీ అడిగారు. "ఇంకా తెగే ఉంది" అన్నాను. లైను సెప్టెంబరులోనే బాగయింది, పోల్దా. యార్మిలా ఇంట్లో రోజూ మోగేది, మా గోడ గుండా వినపడేది కూడా. ఆయన విన్నారో లేదో.

నీ మీద కోపం. ఊరు ఊరంతా పారలు పట్టుకుని బురద ఎత్తుతుంటే నువ్వు రాలేదు. పెట్టె నిండా సూప్ డబ్బాలు పంపావు, పొయ్యే లేని ఇంటికి. ఈ మనిషి మొహం ఇక ఈ ఇంట్లో చూడను అనుకున్నాను. పోయేలా ఉన్నారని నాకు తెలీదు. దగ్గే కదా అనుకున్నాను. తెలిసి ఉంటే చేసేదాన్ని. చేసేదాన్ని అనే అనుకుంటున్నాను.

ఆ బోల్టు శుభ్రం చేసింది ఆయనే. నాకు కనిపించిన అంకె ఆయన కళ్ళకి కనిపించకుండా ఉంటుందా? కనిపించాకే నిన్ను అడగాలనుకున్నారు. ఏం అడిగేవారో? తిట్టేవారా, నవ్వేవారా, "ఎలా కొట్టావురా, నాకు తెలియకుండా?" అనేవారా? నీకు తెలీదు, నాకు తెలీదు. ఆయన నోట మాట ఉండగా నేను అది నీ దాకా చేరనివ్వలేదు.

నువ్వు ఆరేళ్ళు దాచావు. నేను ఏడు నెలలు. కొలుచుకోవడం నాకు చేతకాదు.

ద్రహోమీరా

---

బ్ర్నో, 2 జూన్ 1998

వదినా,

నీ ఉత్తరం పట్టుకుని స్టేషన్ దాకా వెళ్ళి, టికెట్ కొనకుండా వెనక్కి వచ్చాను. పిలవకుండా రాకూడదనిపించింది.

వరదకి ఎందుకు రాలేదో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్తాను. కార్బైన్ బీరువాతో సహా మునిగిందని విన్నప్పుడు నాకు హాయిగా అనిపించింది. అన్నీ పైకి చేర్చాడని విన్నానని ఫిబ్రవరిలో నీకు రాసింది అబద్ధం. ఇల్లు కూలింది, అన్నయ్య బురదలో ఉన్నాడు, నాకేమో హాయి. అది మొహం మీద కనిపిస్తుందేమోనని రాలేదు. నువ్వు ఫోన్ చేసి ఉంటే వచ్చేవాణ్ణా? వచ్చేవాణ్ణనే చెప్పాలని ఉంది. అన్నయ్య అడిగి ఉంటే నిజం చెప్పేవాణ్ణా? అది మాత్రం తెలీదు. నీళ్ళ వల్ల గీతలు వచ్చాయని ఆయనకి కూడా చెప్పి ఉండేవాణ్ణేమో. కాబట్టి ఆ ఫోన్ సంగతి నువ్వు ఒక్కదానివే మోయవద్దు.

ఇక్కడ సంగతులు. వేలంపాటవాళ్ళు మర్యాదగా నా పేరు తీసేశారు. నేను ధర కట్టిన కాగితాల నకళ్ళు నా దగ్గర మూడు వందల పన్నెండు ఉన్నాయి. వాటిలో ఉన్నవాళ్ళందరికీ రాశాను. కావాలంటే వచ్చి నా ఖర్చుతో మళ్ళీ చూస్తానని, లేదా వాళ్ళకి నచ్చిన ఇంకొకరికి చూపించి ఆ రుసుము నాకు పంపమని. ఇప్పటికి నలభై చోట్లకి తిరిగాను. ఒకాయన కుక్కని వదిలాడు. ఒకావిడ భోజనం పెట్టింది. ఒక ముసలాయన తన రైఫిల్ తెచ్చి, "తప్పు దొరికితే చెప్పకు, నాకు ఎనభై రెండు" అన్నాడు. అందులో తప్పేమీ లేదు. దేనిలోనూ లేదు. అంకె మార్చింది జీవితంలో ఆ ఒక్కటే. కానీ ఆ మాట ఎవరు నమ్మాలి, చూస్తేగాని?

తోమాన్‌కి కూడా రాశాను. జవాబు లేదు.

నీ మిగతా ఏడింటికి నేను కట్టిన ధర మీద అమ్మకు. ఒలొమౌట్స్‌లో బోజెనా శ్కర్పిలోవా అని ఒకావిడ ఉంది, కచ్చితమైన మనిషి, నేనంటే ఎప్పుడూ పడదు. ఆవిడ చేత కట్టించు.

ఇందులో తొమ్మిది వేలకి పోస్టల్ ఆర్డరు ఉంది. దానం కాదు. నీది నీకు.

పోల్దా

---

లుహోవ్, 4 అక్టోబరు 1998

పోల్దా,

తొమ్మిది వేలు తీసుకున్నాను. నావే కాబట్టి థాంక్స్ చెప్పను.

శ్కర్పిలోవా వచ్చింది. ముక్కు మీద భూతద్దం పెట్టుకుని రెండు గంటలు చూసింది, ఇచ్చిన కాఫీ కూడా తాగలేదు. నువ్వు కట్టిన ధరలే కట్టింది. మంచి మాన్‌లిహర్‌కి మాత్రం ఐదు వందలు ఎక్కువ. "ఒదెహ్నల్ మాన్‌లిహర్లని ఎప్పుడూ చిన్నచూపు చూస్తాడు" అంది. ఆవిడ నోట నీ పేరు మామూలుగా రావడం నాకు బాగా అనిపించింది. ఏడూ అమ్ముడుపోయాయి. గోడ లేచింది. పైకప్పుకి జిల్లా నుంచి కొంత సాయం వచ్చింది. ఆగస్టు చివర రేకు గదిలోంచి ఇంట్లోకి మారాను.

కార్బైన్ మిగిలింది. దాన్ని ఉంచుకుందామా అని చాలా రోజులు ఆలోచించాను. ఆయన చివరి పని అదే కదా. కానీ చూసినప్పుడల్లా ఆ ముక్కాలి పీటా, ఆ దగ్గూ గుర్తొస్తున్నాయి. ఆయన్ని గుర్తుచేసే వస్తువులు నాకు వేరే ఉన్నాయి.

పోయిన నెలలో తోమాన్ వచ్చాడు. బస్సులో. గుమ్మంలోనే నిలబడి, "ఆ పొట్టిది ఉందా, పోయిందా?" అన్నాడు.

"ఉంది. ఏడు వేలు."

"దాన్ని మాయ చేసినవాడు కట్టిన ధరేగా అది?"

"అందుకే సరైన ధర. అందులో ఏముందో వాడికన్నా ఎవడికి తెలుసు?"

గుమ్మానికి ఆనుకున్నాడు. అప్పుడు చెప్పాడు. నీ ఉత్తరం అందాక గోడ మీది ఆరు వస్తువులూ సంచీలో వేసుకుని ప్రాగ్ దాకా వెళ్ళి చూపించుకొచ్చాడట. ఆరూ సరిగ్గానే ఉన్నాయట. "ఆ సంగతి వాడికి చెప్పకమ్మా, సంతోషిస్తాడు," అన్నాడు. చెప్తున్నాను. ఏడు వేలు లెక్కపెట్టి, బోల్టుని, నీ కాగితాన్ని కూడా తీసుకుని, చదివి మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఆ డబ్బుతో వీధి తలుపు పెట్టించాను. గట్టి ఓక్ చెక్క.

ఇంటి పత్రాలు వెతుకుతుంటే ఆయన రైల్వే డైరీ దొరికింది. అందులో నీ కోసం ఏమైనా రాశారేమోనని ఒక్కో పేజీ తిప్పాను. ఏమీ లేదు. బండ్ల టైములు, వాన పడ్డ రోజులు, అంతే. అది కూడా నీకు తెలియాలనిపించింది.

పద్దెనిమిదిన మన ఊరి పండగ. పెద్ద బాతు ఒకటి యార్మిలా దగ్గర చెప్పి ఉంచాను. ఉదయం పదిన్నర బండికి దిగు. ముందు ఆయన దగ్గరికి వెళ్ళొద్దాం. తర్వాత భోజనం. తోమాన్‌నీ, వాళ్ళావిణ్ణీ కూడా పిలిచాను. నువ్వొస్తున్నావని ముందే చెప్పాను. నీతో మాట్లాడనన్నాడు. ఒకే బల్ల దగ్గర కూర్చోవడానికి మాత్రం ఒప్పుకున్నాడు.

వదిన